కషాయానికి తోడు పెట్టే కొండపువ్వు: ఆసవం సీసాలో అసలేం ఉంది?

సూరత్‌ నగరానికి ఆగ్నేయాన ఉన్న డిండోలి, పక్కనే ఉన్న ఉధనా, లింబాయత్‌ వాడల్లో తెలుగు కొత్త భాష కాదు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన నేత కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఊరు మారినా ఇంటి మందులు అంత త్వరగా మారవు. బాలింతకు దశమూలారిష్టం, రక్తం తక్కువైతే లోహాసవం, నెలసరి ఇబ్బందులకు అశోకారిష్టం, మలబద్ధకానికి అభయారిష్టం. ఈ సీసాల్లో ఏది తిప్పి చూసినా సన్నని అక్షరాల దినుసుల జాబితాలో ఒక పేరు కనిపిస్తుంది. ధాతకి.

ఆ పేరు గల పువ్వు పూసే కొండలు డిండోలికి మరీ దూరం కాదు. తూర్పుకు వెళ్లే తాపీ రైలు మార్గంలో బార్డోలి, వ్యారా దాటాక నేల ఎత్తు పెరుగుతుంది. దక్షిణానికి తిరిగితే డాంగ్ జిల్లా అడవులు. సహ్యాద్రి కొండల ఉత్తర కొస అది. చలి తగ్గి ఎండ ముదిరే వేళ, ఆకు రాల్చిన టేకు చెట్ల నడుమ రాతి వాలుల మీద ఎర్రటి పొదలు మండుతున్నట్టు కనిపిస్తాయి. గుజరాతీలో ధావడి. మన ఆయుర్వేద గ్రంథాల్లో ధాతకి, తెలుగులో ఆరెపువ్వు. తూర్పు కనుమల్లో, ఆదిలాబాద్ కొండల్లో కూడా ఇదే మొక్క పెరుగుతుంది.

ఇంత అందమైన పువ్వు గురించి ఇప్పుడు మాట్లాడుకోవలసి రావడానికి కారణం మాత్రం అందమైనది కాదు. 2023 నవంబరు చివర్లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా నడియాద్ దగ్గర పల్లెల్లో ఒక ‘ఆయుర్వేద సిరప్’ తాగి కనీసం ఐదుగురు చనిపోయారు. సీసా మీద ‘కాలమేఘాసవ, ఆసవ అరిష్ట’ అని రాసి ఉంది. అమ్మింది మందుల షాపు కాదు, ఊళ్లోని దుకాణం. రక్తపరీక్షలో మిథైల్ ఆల్కహాల్ బయటపడిందని పోలీసులు చెప్పారు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో ఆసవం అనే మాటకు అప్పటి నుంచి ఒక అనుమానపు నీడ పడింది. అసలు ఆసవంలో సారా ఉంటుందా? ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుంది? పువ్వు చేసే పనేమిటి, మోసగాడు చేసే పనేమిటి? ఈ రెంటినీ విడదీసి చూస్తే తప్ప సీసాలో ఏముందో అర్థం కాదు.

ఎర్రగా కనిపించేది పువ్వు రేకు కాదు

ధాతకి వృక్షశాస్త్ర నామం వుడ్‌ఫోర్డియా ఫ్రూటికోసా. గోరింట, దానిమ్మ, చెన్నంగి ఉన్న కుటుంబమే దీనిదీ. మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా పెరిగే పొద. కొమ్మలు పొడుగ్గా సాగి వంగి వేలాడతాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున నల్లటి సన్న చుక్కలు. గోరింటాకుకు రంగునిచ్చే లాసోన్ అనే పదార్థం దీని ఆకులోనూ ఉంది. పువ్వుల నుంచి ఎర్ర రంగు తీసి బట్టకు అద్దడం పాత పని. బట్టల నగరం పక్కనే ఇది పెరగడం కాకతాళీయం కావచ్చు కానీ, రసాయన రంగులు రాకముందు ఈ పువ్వు మందుల అంగడికే పరిమితం కాలేదన్నది నిజం.

మోదుగు కూడా ఇదే కాలంలో ఎర్రగా పూస్తుంది. దూరం నుంచి పొరబడే అవకాశం ఉంది. దగ్గరికి వెళ్తే సందేహం ఉండదు. మోదుగుది చిలక ముక్కు లాంటి పెద్ద పువ్వు, అదీ చెట్టు మీద. ధాతకిది వేలి కణుపంత గొట్టం, కొమ్మ పొడవునా గుత్తులు గుత్తులుగా. ఆ గొట్టం నిజానికి రేకు కాదు, పువ్వు కింది రక్షక కోశం. అసలు రేకులు దాని అంచున వెతికితే గాని కనిపించనంత చిన్నవి. గొట్టం అడుగున తేనె ఉంటుంది. తేనెపిట్టలు, తేనెటీగలు అందుకే వస్తాయి. విత్తనాల కాయ కూడా ఆ ఎర్ర గొట్టం లోపలే తయారవుతుంది. చిన్న వివరమే. కానీ పువ్వు కోయడమంటే కాయనూ కోయడమేనని ఇది చెబుతుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

సంస్కృత నిఘంటువులు దీన్ని తామ్రపుష్పి, బహుపుష్పి, వహ్నిజ్వాల అన్నాయి. మూడూ కంటికి కనిపించిన దాన్ని చెప్పే పేర్లే. గుజరాత్‌లో పేరు విషయంలో ఒక చిక్కు ఉంది. ధావడి అంటే ఈ పొద, ధావడో అంటే వేరే చెట్టు, మనం చిరుమాను అనేది. బంక ఇచ్చేది ఆ చెట్టు. పువ్వు ఇచ్చేది ఈ పొద. ఒక్క అచ్చు తేడాతో మందు మారిపోతుంది.

చరక సంహిత ధాతకిని రెండు మూడు చోట్ల ప్రస్తావిస్తుంది. విరేచనాలను కట్టే ద్రవ్యాల వర్గంలో ఒకసారి, గాయాలను, విరిగినవాటిని అతికించే వర్గంలో మరోసారి. వగరు రుచే దీనికి మూలం. టానిన్లు ఎక్కువగా ఉన్న ఏ పదార్థమైనా పేగు పొరను బిగదీసి నీళ్ల విరేచనాన్ని కొంత ఆపుతుంది. దానిమ్మ తొక్క చేసే పనే ఇది. అయితే ఈ పువ్వు దేశమంతటా మూటలు మూటలుగా ప్రయాణిస్తున్నది అందుకోసం కాదు. చరకుడు 84 రకాల ఆసవాలను లెక్కపెట్టినప్పుడు పువ్వులతో చేసే పదింటిలో ధాతకినీ చేర్చాడు. తర్వాతి కాలంలో అది ఒక ఆసవానికి దినుసుగా ఉండడం మానేసి, దాదాపు అన్ని ఆసవాలకూ అవసరమైన వస్తువైపోయింది.

పాలకు మజ్జిగ, కషాయానికి ధాతకి

తెలుగిళ్లలో పాలు తోడుకోవడం అందరికీ తెలుసు. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లారేసరికి పెరుగు. ఆ చెంచాడు మజ్జిగ పెరుగు కాదు, పెరుగును పుట్టించేది. కషాయం విషయంలో ధాతకిది సరిగ్గా ఆ పాత్ర.

మూలికలను కాచి కషాయం తీసి పులియబెడితే అరిష్టం. కాచకుండా నీళ్లలోనో రసంలోనో వేసి పులియబెడితే ఆసవం. వాడుకలో రెండు పేర్లూ కలగలిసిపోయాయి. శార్ఙ్గధర సంహిత ఒక సాధారణ కొలత ఇచ్చింది. ప్రత్యేకంగా పాళ్లు చెప్పని చోట ఒక ద్రోణం ద్రవానికి ఒక తులం బెల్లం, బెల్లంలో సగం తేనె, పదో వంతు దినుసుల పొడి. ఇక్కడ తులం అంటే బంగారం తూచే తులం కాదు, వంద పలాల పెద్ద కొలత. అంటే ఇది చాలా తియ్యటి ద్రవం. లోపల నెయ్యి పూసి, ధూపం వేసిన కుండలో పోసి, ధాతకి పూలు కలిపి, మూత మీద గుడ్డ చుట్టి మట్టితో మెత్తి, వడ్ల రాశిలోనో ఊకలోనో పాతిపెట్టేవారు. ధాన్యం రాశి లోపల వేడి పెద్దగా హెచ్చుతగ్గులు కాదు. థర్మామీటరు లేని కాలంలో అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. పదిహేను రోజుల నుంచి నెల, చలికాలమైతే ఇంకా ఎక్కువ.

పులిసిందో లేదో తెలుసుకునే పరీక్షలూ వైద్యుల దగ్గర ఉన్నాయి. కుండకు చెవి ఆనిస్తే బుసబుస శబ్దం వినిపిస్తున్నంత కాలం పని జరుగుతున్నట్టు. వెలిగించిన పుల్ల మూతి దగ్గర పెడితే ఆరిపోతే లోపల ఇంకా బొగ్గుపులుసు వాయువు వస్తున్నట్టు. శబ్దం ఆగి, పుల్ల ఆరకుండా వెలిగితే తయారైనట్టు. ఇవాళ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ఆల్కహాల్ శాతం, మిగిలిన చక్కెర, ఆమ్లత్వం కొలుస్తారు. కానీ సూత్రం అదే.

లోపల జరిగేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మార్చడం. ఇక్కడే శాస్త్రవేత్తల మధ్య ఆసక్తికరమైన చర్చ నడిచింది. పూలకు అంటుకుని వచ్చే ఈస్టే కషాయాన్ని పులియబెడుతుందని చాలాకాలం అనుకున్నారు. తేనె ఉన్న పువ్వు మీద ఈస్ట్ ఉండడం సహజమే, ధాతకి పూల నుంచి ఈస్టును వేరుచేసిన పరిశోధకులూ ఉన్నారు. 1990లలో నింబారిష్టం మీద పనిచేసిన మరో బృందం మాత్రం పువ్వు ముఖ్యంగా ఇచ్చేది ఈస్ట్ కాదు, బెల్లంలోని చక్కెరను ఈస్ట్ తినగలిగేలా విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ అంది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా అడ్డు కావు. పైగా మూడో పని ఉంది. పువ్వులోని టానిన్లు కుండను పాడుచేసే అనేక బాక్టీరియాలను అదుపులో పెడతాయి. తోడు పెట్టడం ఎంత ముఖ్యమో విరగకుండా చూడడం అంత ముఖ్యం కదా. కొన్ని తయారీ సంస్థలు ఇప్పుడు విడిగా ఈస్టు కలిపి పని త్వరగా ముగిస్తున్నా, ధాతకిని మాత్రం వదలడం లేదు. వదిలితే అది గ్రంథంలో చెప్పిన మందు కాదు.

ఇప్పపువ్వుతో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. ఇప్పపువ్వు తానే చక్కెర మూట. అందుకే దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే సారా వస్తుంది. ధాతకిని ఒంటరిగా నానబెడితే ఎర్రటి వగరు నీళ్లు తప్ప పెద్దగా ఏమీ రావు. అది సారాకు ముడిసరుకు కాదు, తోడు మాత్రమే.

సీసాలో ఎంత?

ఇలా పుట్టిన ఆల్కహాల్‌ను చట్టం ‘స్వయంగా పుట్టినది’ అంటుంది. ఔషధ నిబంధనల ప్రకారం ఆసవారిష్టాల్లో అది 12 శాతం మించకూడదు. ప్రత్యేకంగా పేర్కొన్న కొన్నిటికి మాత్రమే మినహాయింపు. మామూలుగా దొరికే అరిష్టాల్లో 5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. దీనికి ప్రకృతి కూడా ఒక హద్దు గీసింది. ఆల్కహాల్ పెరిగేకొద్దీ దాన్ని పుట్టించిన ఈస్టే అందులో బతకలేక పని ఆపేస్తుంది. బట్టీ పెట్టకుండా, బయటి నుంచి స్పిరిట్ పోయకుండా బ్రాందీ స్థాయికి చేరడం అసాధ్యం.

అంకెల్లో చూద్దాం. 8 శాతం ఆల్కహాల్ ఉన్న అరిష్టాన్ని 24 మిల్లీలీటర్లు, అంటే పెద్దల పూర్తి మోతాదు తీసుకుంటే లోపలికి వెళ్లే ఆల్కహాల్ 2 మిల్లీలీటర్లకు లోపే. అదే 450 మిల్లీలీటర్ల సీసా మొత్తం ఒకేసారి తాగితే 36 మిల్లీలీటర్లు. ఒక చిన్న పెగ్గు విస్కీలో సుమారు 13 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి, సీసా మొత్తం మూడు చిన్న పెగ్గులకు కాస్త తక్కువ. చెంచాలతో తాగినంత వరకు మందు, సీసాతో ఎత్తితే మద్యం. గొడవంతా ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే.

మద్యనిషేధం ఉన్న చోట ఆ ఖాళీలోకి వ్యాపారం దూరుతుంది. తెలుగు రాష్ట్రాలకు నిషేధం స్వల్ప అనుభవమే. దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం తర్వాత 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లోనే సడలిపోయింది. గుజరాత్ మాత్రం 1960లో రాష్ట్రంగా పుట్టినప్పటి నుంచీ నిషేధంలోనే ఉంది. ఆ చట్టం అంతకంటే పాతది, 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. గుజరాత్‌కు అది వారసత్వంగా వచ్చింది.

ఒక టానిక్, ఒక జీపు, సుప్రీంకోర్టు

మందులోని ఆల్కహాల్‌ను ఏం చేయాలన్నది ఆ చట్టానికి మొదటి రోజు నుంచీ తలనొప్పే. 1951 మే నెలలో ఎఫ్.ఎన్. బల్సారా కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని చాలావరకు నిలబెడుతూనే, ఆల్కహాల్ ఉన్న మందులకు, సౌందర్య సాధనాలకు దాన్ని వర్తింపజేయడం చెల్లదని చెప్పింది. అదే నెలాఖరులో బొంబాయిలో ఒక ప్రమాదం జరిగింది. బెహ్రామ్ ఖుర్షీద్ పెసికాకా అనే రవాణాశాఖ అధికారి నడుపుతున్న జీపు కొలాబా ప్రాంతంలో ముగ్గురిని ఢీకొట్టింది. ఆయన నోట మద్యం వాసన వచ్చింది. తాను తాగింది బి.జి.ఫాస్ అనే టానిక్ అని ఆయన వాదించాడు. హైకోర్టు శిక్ష వేసింది. 1954లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నిషేధిత మద్యమే తాగాడని నిరూపించవలసింది ప్రభుత్వమే కానీ, మందు తాగానని నిరూపించుకునే భారం నిందితుడిది కాదని ధర్మాసనం భావించింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. తర్వాత చట్టానికి సవరణ తెచ్చి ఒక గీత గీసింది. రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం లేదా అంతకు మించి ఉంటే, తాగింది మందేనని నిరూపించుకునే బాధ్యత నిందితుడి మీదే పడుతుంది.

రెండో షిఫ్టు ముగించి ఇంటికి వెళ్తూ పోలీసుల ముందు ఆగవలసి వచ్చిన డిండోలి కార్మికుడికి ఈ అంకె చాలా ముఖ్యమైనది. పైన చెప్పిన లెక్కనే కొనసాగిస్తే, 60 కిలోల మనిషి 24 మిల్లీలీటర్ల అరిష్టం తాగితే రక్తంలో ఆల్కహాల్ 0.004 శాతం దగ్గర ఉంటుంది. గీతకు పన్నెండో వంతు కూడా కాదు. 0.05కు చేరాలంటే 320 మిల్లీలీటర్లకు పైగా, అంటే ముప్పావు సీసాకు దగ్గరగా ఒక్కసారిగా తాగాలి. మోతాదు మీద ఉన్నవాడికి రక్తపరీక్ష శత్రువు కాదు, సాక్షి. అయితే నోటి వాసన సంగతి వేరు. అరిష్టం తాగిన కొద్ది నిమిషాల వరకు నోట్లో మిగిలిన తడి వల్ల వాసన రావచ్చు, ఊపిరి యంత్రం తప్పుడు అంకె చూపవచ్చు. నోరు పుక్కిలించి, కాసేపు ఆగితే ఆ చిక్కు ఉండదు.

ఖేడాలో చంపింది పువ్వు కాదు

పులియబెట్టడంలో పుట్టేది ఇథైల్ ఆల్కహాల్. పండ్ల పెక్టిన్ వంటి పదార్థాలు విరిగినప్పుడు మిథైల్ ఆల్కహాల్ కూడా అతి స్వల్పంగా పుడుతుంది. కానీ మనిషిని చంపేంత మిథైల్ ఆల్కహాల్ ఏ ధాతకి పువ్వూ, ఏ బెల్లమూ, ఏ కుండా పుట్టించలేవు. అది ఫ్యాక్టరీ ద్రావకం. రంగుల్లో, రసాయనాల్లో వాడతారు. తాగే మద్యం మీద ఉండే పన్ను దాని మీద ఉండదు, ధర తక్కువ, వాసన దాదాపు అదే. సీసాలో అది కనిపించిందంటే ఎవరో పోశారనే అర్థం. 2022 జులైలో గుజరాత్‌లోనే బోటాద్ ప్రాంతంలో నలభై మందికి పైగా ప్రాణాలు తీసిందీ ఇదే ద్రావకం. అక్కడ ఆయుర్వేదం పేరు కూడా లేదు. ఖేడాలో కొత్తగా చేరింది లేబుల్ ఒక్కటే.

ఇది ప్రమాదకరం కావడానికి కారణం శరీరమే. కాలేయం మిథైల్ ఆల్కహాల్‌ను ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. కంటి నాడిని, ప్రాణాన్ని తీసేది ఆ ఆమ్లం. మార్పుకు గంటలు పడుతుంది కాబట్టి తాగిన వెంటనే మామూలు మత్తు తప్ప ఏమీ తెలియదు. మరుసటి రోజు తలనొప్పి, వాంతులు, కడుపులో నొప్పి, కళ్ల ముందు మంచు కమ్మినట్టు మసక. ఆ మసకను హ్యాంగోవర్ అనుకుని పడుకోవడమే చాలామంది చేసే తప్పు. ఆసుపత్రిలో విరుగుడు మందు ఇచ్చి, అవసరమైతే డయాలసిస్ చేసి కాపాడే అవకాశం ఉంది, ముందుగా వెళ్తే. నిషేధం ఉన్న రాష్ట్రంలో ‘తాగాను’ అని డాక్టరుకు చెప్పడానికి భయపడి జరిగే ఆలస్యం దీనికి తోడవుతుంది.

ఖేడా తర్వాత గుజరాత్‌లో పోలీసులు దుకాణాల మీద దాడులు చేసి సిరప్ సీసాలు పట్టుకున్నారు. అవసరమే. కానీ అసలు లొసుగు మరో చోట ఉంది. మన దేశంలో ఆయుర్వేద మందు తయారు చేయడానికి లైసెన్సు కావాలి, అమ్మడానికి అక్కర్లేదు. అల్లోపతి మందుల షాపుకు ఫార్మసిస్టు ఉండాలి. అరిష్టం మాత్రం సబ్బుల పక్కన, గుట్కా పక్కన పెట్టి ఎవరైనా అమ్మవచ్చు. పల్లెల్లో, కార్మిక వాడల్లో మందు అందుబాటులో ఉండాలన్న మంచి ఉద్దేశం దీని వెనుక ఉండవచ్చు. కానీ పది శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవాన్ని దగ్గు బిళ్లలతో సమానంగా చూడడం వల్ల, నిజమైన తయారీదారుడికీ నకిలీవాడికీ ఒకే గూట్లో చోటు దొరుకుతోంది. తయారీ దశలో ఇంత కట్టుదిట్టంగా ఉన్న చట్టం అమ్మకం దగ్గర కళ్లు మూసుకోవడం సగం పనే.

అంతవరకు కొనేవాడే చూసుకోవాలి. లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, దినుసుల జాబితా, స్వయంగా పుట్టిన ఆల్కహాల్ ఎంత శాతమో ఉండాలి. ఊరూపేరూ సరిగ్గా లేని సంస్థ, మందు పేరు చెప్పకుండా ‘ఆసవ అరిష్ట’ అని మాత్రమే పెద్దక్షరాల్లో రాసిన సీసా అనుమానించదగినవే. అరిష్టం ఒక వర్గం పేరు, మందు పేరు కాదు. ‘మాత్ర’ అని రాసి మాత్రలు అమ్మినట్టు ఉంటుంది అది. నిజమైన అరిష్టం తీపి, వగరు, చేదు కలిసి మొహం చిట్లించేలా ఉంటుంది, అడుగున కాస్త మడ్డి పేరుకోవచ్చు. గొంతు మండేలా ఘాటుగా ఉంటే అది కుండలో పులిసింది కాదు. అయితే రుచి చూసి మిథైల్ ఆల్కహాల్‌ను పట్టుకోగలనని ఎవరూ అనుకోకూడదు. అది నాలుకకు దొరకదు.

అసలైన మందు కూడా అందరికీ పనికిరాదు. బెల్లం, తేనె ఎక్కువ కాబట్టి మధుమేహం ఉన్నవారు అడగకుండా వాడకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో వైద్యుడి మాట తప్పనిసరి. మద్యం మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవారికి రెండు చెంచాల అరిష్టం కూడా గుండెదడ, వాంతులు తెప్పించగలదు. విరేచనాలకు రాసే మెట్రోనిడజోల్‌తో కూడా ఆల్కహాల్ వద్దని డాక్టర్లు చెబుతారు. ఆ జాబితాలో అరిష్టం ఉంటుందని చాలామందికి తోచదు, అది ‘మందు’ కాబట్టి.

కోసేవాళ్లు

ఈ కథలో ఎవరూ పెద్దగా తలుచుకోనివాళ్లు పువ్వు కోసేవాళ్లు. భారతదేశంలో ఏటా వంద టన్నులకు మించి వ్యాపారం జరిగే ఔషధ మొక్కల జాబితాలో ధాతకి ఉంది. దాదాపు అంతా అడవి నుంచే వస్తుంది, తోటలు వేసి పెంచడం అరుదు. డాంగ్‌లోనూ, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా అడవుల్లోనూ ఆదివాసీ కుటుంబాలు, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు పూలు దూసి, ఆరబెట్టి, కిలోల లెక్కన అమ్ముతారు. పొలం పని లేని వేసవి నెలల్లో ఇప్పపువ్వు, తునికాకు, ధాతకి ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఇంటికి నాలుగు డబ్బులు తెస్తాయి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో ఎండు ధాతకి పూలను కూడా చేర్చారు. ధర ప్రకటించడం ఒకటి, ఆ ధరకు కొనే మనిషి సంతకు రావడం మరొకటి. మధ్యలో ఉన్న వ్యాపారి చెప్పిందే ధర కావడం అడవి సరుకు మొత్తానికీ ఉన్న జబ్బు.

మొక్క గట్టిది. నరికినా, నిప్పు అంటుకున్నా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే ఇది అంతరించే జాబితాలోకి ఎక్కలేదు. అయితే చిగురించడం వేరు, కొత్త మొక్క పుట్టడం వేరు. కాయ ఎర్ర గొట్టం లోపలే ఉంటుందని ముందే అనుకున్నాం. కొమ్మ మీద ఉన్న పూలన్నీ దూసేస్తే ఆ ఏడాది ఆ పొద నుంచి ఒక్క విత్తనం కూడా నేల మీద పడదు. అందినంత దూసుకునే తొందరలో కొమ్మలే విరిచి తెచ్చి ఇంటి దగ్గర పూలు దులిపే పద్ధతి ఇంకా నష్టం. వచ్చే ఏడు పూయవలసిన కొమ్మ కూడా పోతుంది. పూర్తిగా విచ్చిన పూలే కోసి, ప్రతి పొద మీద కొన్ని గుత్తులు వదిలేస్తే వానలకు ముందు ఆ కాయలు పగిలి, ఆవగింజకన్నా సన్నని విత్తనాలు వాలు మీద రాలతాయి. కోసేవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. తాను వదిలిన గుత్తిని తెల్లారేసరికి పక్కవాడు కోసుకుపోడన్న నమ్మకం ఉంటే వదులుతారు. ఆ నమ్మకం కావాలంటే ఫలానా వాలు ఫలానా ఊరిదని అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకు పట్టా ఉండాలి. 2006లో వచ్చిన ఆ చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును అడవిలో బతికేవాళ్లకు కాగితం మీద ఇచ్చేసింది. ఊరుమ్మడి పట్టాలు మాత్రం చాలా చోట్ల ఇంకా దరఖాస్తు దశలోనే ఉన్నాయి.